మలుపు దాకా మోటారు

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో "ఎలా ఉన్నారు?" అన్న పలకరింపు లేదు. "ఎన్ని గీతలున్నాయి?" అన్నదొక్కటే ఉండేది. ఆయన గడపలో కాలు పెట్టీ పెట్టకముందే అడిగేదాన్ని. ఆయన కరెంటు సైకిల్ నుంచి బ్యాటరీ ఊడదీసి, పసిబిడ్డను అందించినట్టు నా చేతికి అందించేవారు. దాని పక్కన చిన్న మీట ఉంటుంది. నొక్కితే పచ్చగా గీతలు వెలుగుతాయి. నిండుగా ఉంటే ఐదు. ముందు ఆ గీతలు చూసి, తర్వాత ఆయన ముఖం చూసేదాన్ని.

గీతలు తగ్గితే నాకు సంతోషం, మిగిలితే దిగులు. బ్యాటరీ అయిపోయిందని సంబరపడే మనిషిని లోకంలో నిన్నొక్కదాన్నే చూశానని మా తమ్ముడు ఎగతాళి చేసేవాడు. వాడికేం, నవ్వుతాడు. కట్టుకున్న మనిషి గుండెకి కాపలా కాయాల్సిన అవసరం వాడికి రాలేదు.

మా ఆయనది మంచినీళ్ల ఆఫీసులో పని. మా వీధి చివర నుంచి ఒక రాళ్ల దారి కొండెక్కుతుంది. పైన ట్యాంకు. పొద్దున్నే వెళ్లి మట్టం చూసి, క్లోరిన్ కలిపి, వాల్వులు తిప్పి ఒక్కో వీధికి వంతులవారీగా నీళ్లు వదలాలి. ఎండాకాలంలో ఆ పని మధ్యాహ్నం దాకా తెమలదు. ఇన్నేళ్లూ నడిచే ఎక్కారు. పోయిన చలికాలంలో ఒక పొద్దున, దారి మలుపు దాటాక, ఛాతీ పట్టుకుని కూలబడిపోయారు. మలుపు అవతల ఫోన్ అందదు. కొండ మీది ఇళ్లకు ఉత్తరాలు పంచే పోస్టమ్మ అటు వచ్చింది కాబట్టి బతికి బయటపడ్డారు. లేకపోతే ఇదంతా చెప్పడానికి నాకు నోరు ఉండేది కాదు.

గుండెకి స్టెంట్ వేశారు. ఆఫీసువాళ్లు దయతలచి ఫోన్ల దగ్గర కుర్చీ చూపించారు. ఆయన ఒక్కపూట కూర్చుని లేచొచ్చేశారు.

"కొండెక్కితే గుండె ఆగుతుందో లేదో తెలీదు కానీ, నీళ్లు రాలేదని ఊరంతా పెట్టే చీవాట్లు వింటూ కూర్చుంటే మాత్రం కచ్చితంగా ఆగుతుంది," అన్నారు.

అప్పుడు దింపాడు మా తమ్ముడు ఆ కరెంటు సైకిల్‌ని. వాడిది సైకిళ్ల షాపు. లావుపాటి టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, రెండు పెడళ్ల మధ్య ఉబ్బుగా మోటారు. పోస్టమ్మకు పోస్టాఫీసువాళ్లు కొనిచ్చింది కూడా ఇదే రకమట, తన షాపులోదేనట. వీధిలో నిలబెట్టి పెళ్లికొడుకును చూపించినట్టు చూపించాడు.

"తొక్కక్కర్లేదు కదరా?" అన్నాను.

"తొక్కాలక్కా. బావ తొక్కితేనే అది తోడొస్తుంది. బావ ఒక పాలు తొక్కితే అది మూడు పాళ్లు తొక్కుతుంది. బావ ఊరికే కూర్చుంటే అదీ ఊరికే కూర్చుంటుంది."

"మీ అక్కకి పూర్తిగా వ్యతిరేకమన్నమాట," అన్నారు ఆయన. "నేను కూర్చున్నా ఆవిడ ఊరుకోదు."

"మోటారు ఆపేస్తేనో?" అన్నాను నేను. నాకు ఆ క్షణంలో పరాచికాలు వినే ఓపిక లేదు.

"ఆపేస్తే ఏనుగును తొక్కినట్టే. మోటారు బరువు, బ్యాటరీ బరువు అన్నీ కాళ్ల మీదే. ఎందుకు ఆపుతాడులే. మోటారు సాయం పై మెట్టులో పెట్టుకుని ట్యాంకు దాకా ఎక్కితే మూడు గీతలు ఖర్చవుతాయి. గీతలు అంతకన్నా ఎక్కువ మిగిలాయంటే బావ చెమటోడ్చాడని నీకు తెలిసిపోతుంది. సీసీ కెమెరా అక్కర్లేదు."

వాడు సరదాకి అన్నాడు. నేను కొంగున ముడి వేసుకున్నాను.

ఆ ముందు వారమే డాక్టరమ్మ దగ్గర ఇద్దరం కూర్చుని అన్నీ విన్నాం. ఆవిడ మెల్లగా, వివరంగా, వేళ్లు మడిచి మరీ చెప్పింది. నాకు మాత్రం ఒక్క ముక్కే చెవికెక్కింది: గుండె మీద భారం పడకూడదు. మిగతాదంతా ఆసుపత్రి మెట్లు దిగేలోపే జారిపోయింది. ఆయనకు ఏ ముక్క ఎక్కిందో నేను అడగలేదు. ఇద్దరం ఒకే గదిలోంచి వచ్చాం కాబట్టి ఒకే మాట తెచ్చుకున్నామనుకున్నాను.

మా ముందు గదే నా కుట్టుపని. చొక్కాలు, కర్టెన్లు, బడి యూనిఫారాలు కుడతాను. మిషను కిటికీ పక్కన ఉంటుంది. కిటికీలోంచి కొండ దారి మొదలు కనిపిస్తుంది, మలుపు కనిపించదు. రోజూ పొద్దున ఆయన సైకిలెక్కగానే నేను మిషను ఆపి చెవి అటు పెట్టేదాన్ని. రాళ్ల మీద టైర్ల చప్పుడు ముందు పోయేది. ఆ తర్వాత సన్నగా, తేనెటీగ గదిలో తిరుగుతున్నట్టు, మోటారు రొద మాత్రం మిగిలేది. మలుపు దగ్గర అదీ ఆగిపోయేది. దూరమైంది, ఇక వినిపించదు అనుకుని మళ్లీ సూది కింద గుడ్డ పెట్టేదాన్ని. అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. ట్యాంకు మెట్లెక్కితే ఫోన్ మళ్లీ అందుతుంది కానీ, పనిలో పడితే ఆయనకు ఫోనే కాదు, ఇల్లు కూడా గుర్తుండదు. అంబులెన్సు కూత ఎక్కడ వినిపించినా లేచి నిలబడేదాన్ని. ఎవరో తలుపు కొడితే, చొక్కా కొలతలకొచ్చిన మనిషి ముఖంలో కూడా చావు కబురు వెతుక్కునేదాన్ని.

నా మిషనుకీ మోటారుంది. మోకాళ్ల నొప్పులని తమ్ముడే బిగించాడు. మామూలు కుట్లకి ఫర్వాలేదు. చొక్కా కాలరు తిప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం మోటారు బెల్టు తప్పించి, పాత బెల్టు తగిలించి, కాళ్లతోనే తొక్కుతాను. కాళ్లు ఊరికే ఉంటే చేతికి కుట్టు తెలియదు. మోటారు పెట్టినందుకు వాడిని వారం రోజులు సాధించానని ఆయన ఇప్పటికీ అంటుంటారు.

మొదట్లో గీతలు బుద్ధిగానే వచ్చాయి. రెండు మిగిలేవి, ఒక్కోసారి ఒకటి. ఎండలు ముదిరే వేళకి ఒక మధ్యాహ్నం మీట నొక్కితే నాలుగు వెలిగాయి.

"ఏంటిది?"

"బ్యాటరీ."

"అది నాకూ తెలుసు. నాలుగున్నాయేంటి?"

"గాలి వెనక నుంచి తోసింది."

"కొండెక్కేటప్పుడు ఎప్పుడూ ఎదురుగాలేనని మీరే కదా అంటారు?"

"ఈ రోజు దానికి నా మీద జాలి కలిగింది."

నేను నవ్వలేదు. ఆయన చెప్పులు విడిచి, కుండలో నీళ్లు ముంచుకుని తాగి, గ్లాసు బోర్లించారు.

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?" అన్నారు, ఈసారి నవ్వకుండా. "ఇంటికి రాగానే జేబులు తడుముతున్నట్టు ఆ మీట నొక్కుతావు. చెమట పట్టినా నేరమే, పట్టకపోయినా నేరమే."

"చిన్నపిల్లాడైతే నాలుగు తగిలించేదాన్ని."

"తగిలించు."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎప్పుడూ చెప్పని మాట చెప్పేశాను. "మీరు అక్కడ పడిపోయిన వేళకి నేనిక్కడ ఎవరి చొక్కాకో గుండీలు కుడుతున్నాను. నాకేమీ తెలియదు. కూనిరాగం కూడా తీస్తున్నాను. మీరు రాళ్ల మీద పడుంటే నేను పాడుకుంటున్నానండీ. అది నన్ను నిద్రలో కూడా వదలట్లేదు."

ఆయన ఇస్త్రీ బల్ల మీదున్న బ్యాటరీని తీసి ఛార్జరుకి తనే తగిలించారు.

"సరే," అన్నారు. "రేపట్నుంచి నీ గీతలు నీకు తెచ్చిస్తాను. ఏడవకు."

మాట నిలబెట్టుకున్నారు. మర్నాటి నుంచి ఒక్క రోజు కూడా రెండు గీతలకు మించి మిగల్లేదు. కొన్నాళ్లు ఒకటే. ఒకసారైతే ఆ ఒక్కటీ మిణుకుమిణుకుమంది. అలా ఖాళీగా వచ్చిన రోజు నాకు అన్నం సహించేది. ఎండలు మండిపోతున్న రోజుల్లో డాక్టరమ్మకు చూపిస్తే ఆవిడ కాగితాలు తిరగేసి, స్టెతస్కోపు పెట్టి, ముఖమంతా నవ్వు చేసుకుంది.

"నేననుకున్నదానికన్నా బాగా కోలుకున్నారు. గుండె గట్టిపడింది. మీరు చేస్తున్నదేదో అదే చేయండి."

"అంతా మోటారు పుణ్యమండీ," అన్నాను నేను.

ఆయన తలెత్తి ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు.

ఆ రోజుల్లోనే పోస్టమ్మ సంచి పట్టీ తెగిందని మా ఇంటికి వచ్చింది. గట్టి మనిషి. ఎండకు ముఖం కమిలిపోయినా నోటికి విశ్రాంతి లేదు. ఆయన్ని కొండ దింపిన రోజు నుంచీ ఆయన్ని అన్నయ్య అనీ నన్ను వదిన అనీ వరస కలిపేసుకుంది. ఆవిడ ఎప్పుడొచ్చినా నేను కూర్చోబెట్టి మర్యాద చేసేదాన్ని. ప్రాణం పోసిన మనిషి కదా.

"నా సైకిల్ బ్యాటరీ ముసలిదైపోయింది వదినా," అంది పట్టీ కుడుతుంటే. "కింది వీధులు తిరిగేసరికే చేతులెత్తేస్తుంది. మధ్యాహ్నం పై ఇళ్లకు తోసుకుంటూ పోయేదాన్ని. రొమ్ము ఎగపోసేదనుకో. ఈ మధ్య కొంచెం నయం."

"కొత్తది ఇచ్చారా ఆఫీసులో?"

"ఎక్కడిది వదినా! ఏదోలే, జరిగిపోతోంది." పట్టీ ఇంకా పూర్తవకుండానే లేచి నిలబడింది. "ఎంతసేపు పడుతుంది? ఎండ తలకెక్కుతోంది."

ఆవిడ తొందర చూసి ఎండే కారణమనుకున్నాను.

దారిలో దుమ్ము ఎక్కువని అంతకు ముందే బ్యాటరీకి ఒక కవరు కుట్టాను. గొడుగు గుడ్డ, వెనక జిప్పు, గీతలు కనిపించడానికి ఒక కిటికీ, ఛార్జరు పెట్టడానికి ఒక చీలిక. చొక్కాకి కొలత తీసినట్టు తీసి, ముడత లేకుండా కుట్టాను. దాన్ని విప్పాల్సిన పని నాకెప్పుడూ పడలేదు. ఒకరోజు మాత్రం చేతిలోకి తీసుకుంటే పైన పట్టుకునే పిడి దగ్గర గుడ్డ ఎత్తుగా తగిలింది. నేను కుట్టిన కవరు ఎక్కడ ఎలా కూర్చోవాలో నా వేళ్లకు తెలుసు. దుమ్ము పట్టింది, ఉతుకుదామని జిప్పు తీశాను. పిడి విరిగి, దాని చుట్టూ నల్లటి టేపు లావుగా చుట్టి ఉంది.

ఎక్కడో కింద పడేశారు, నాతో చెబితే గోల చేస్తానని టేపు చుట్టేశారు అనుకున్నాను. బ్యాటరీ పడిందంటే సైకిల్ పడింది. సైకిల్ పడిందంటే మనిషి పడ్డాడు. ఆ సాయంత్రం ఆయన స్నానం చేసి వస్తుంటే మోచేతులు, మోకాళ్లు కళ్లతోనే వెతికాను. ఒక్క గీరు లేదు.

మర్నాడు మధ్యాహ్నం బ్యాటరీ చేతికి రాగానే, ఆయన పెరట్లోకి వెళ్లే దాకా ఆగి, జిప్పు తీశాను. పిడి నున్నగా, కొత్తదానిలా ఉంది. టేపు లేదు.

ఆ మర్నాడు టేపు ఉంది. ఆ తర్వాతి రోజు లేదు.

నాకు మతి పోయినంత పనైంది. అడుగుదామంటే మళ్లీ జేబులు తడిమానంటారు. ఊరుకుందామంటే లోపల పురుగు తొలుస్తోంది. చివరికి మిషను మీద గుడ్డ కప్పేసి తమ్ముడి షాపుకి పోయాను. వాడు ఒక చక్రాన్ని తిప్పుతూ వంకర చూస్తున్నాడు.

"ఒరేయ్, బావకి బ్యాటరీలు ఎన్నిచ్చావురా?"

"ఒకటే. ఏం?"

"ఒక రోజు పిడికి నల్ల టేపు ఉంటోంది. మర్నాడు ఉండట్లేదు. మళ్లీ ఆ మర్నాడు ఉంటోంది. నాకేమన్నా చూపు దెబ్బతిందా?"

"నల్ల టేపా? అది నేనే చుట్టానక్కా. పోస్టమ్మ బ్యాటరీ పిడి విరిగితే..." చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. వాడి నోరు మాత్రం ఆగిపోయింది.

"పోస్టమ్మ బ్యాటరీ మా ఇంట్లో ఎందుకుంటుందిరా?"

వాడు స్పానరు తీశాడు, పెట్టాడు. "ఒకే రకం కదక్కా. దానిది దీనికి పడుతుంది, దీనిది దానికి పడుతుంది."

"పడుతుందని నేనడగలేదు. ఎందుకు మారుస్తున్నారని అడిగాను."

"బావనే అడుగు. నన్ను మధ్యలో చంపకు."

అడగక్కర్లేకపోయింది. నడిరోడ్డు మీద నడుస్తుంటే ఒక్కొక్కటే తేటపడింది. పోస్టమ్మ బ్యాటరీ మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది. కొండ దిగొచ్చే ఆయన బ్యాటరీ నిండుగా ఉంటుంది. నిండుది ఆవిడకిచ్చి, ఖాళీది నా చేతికి తెస్తున్నారు. ఆవిడకి పై ఇళ్లకు ఎక్కడానికి ఊతం, నాకు మనశ్శాంతి. నిండుగా ఎందుకుంటోందంటే, ఆయన మోటారు వాడట్లేదు. ఇన్నాళ్లూ నేను చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్న గీతలు ఆయనవి కావు. వేరొకరి కాళ్లకు సాయం చేసి అయిపోయిన గీతలు. ఏనుగును తొక్కినట్టే అన్నాడు తమ్ముడు. ఆ ఏనుగును స్టెంట్ వేసిన గుండెతో, ఎర్రటి ఎండలో, రోజూ. ఎవరింటి అరుగు మీదో కూర్చుండిపోయాను.

మర్నాడు పొద్దున జిప్పులు కొనుక్కురావాలని చెప్పి ఆయనకన్నా ముందే ఇంట్లోంచి బయటపడ్డాను. సైకిల్ దారికి పక్కగా మనుషులు నడిచే అడ్డదారి ఒకటుంది. అటు ఎక్కి, మలుపు దగ్గరున్న పాడుబడిన పంపు గది వెనక నిలబడ్డాను. నాకే ఆయాసంగా ఉంది. కాసేపటికి కింద నుంచి ఆ సన్నటి రొద దగ్గరకొచ్చింది. మలుపు తిరిగింది. ఆగిపోయింది.

ఆయన నాకు పది అడుగుల దూరంలో ఉన్నారు. రొద లేదు. ఇన్నాళ్లూ దూరమై వినిపించలేదనుకున్నాను.

కాలు కింద ఆనించి, హ్యాండిల్ మీద మీట నొక్కి మోటారు ఆపేసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ తొక్కడం మొదలుపెట్టారు. నెమ్మదిగా. టైర్ల కింద రాళ్లు కరకరలాడుతున్నాయి. భుజాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. గట్టిగా పిలుద్దామనుకుని నోరు తెరిచాను. ఉలిక్కిపడితే? ఆ ఉలికిపాటుకే ఏమైనా అయితే? కొంగు నోట్లో కుక్కుకుని రాళ్ల చాటునుంచి వెంటపడ్డాను.

ఆయన మాట్లాడుతున్నారు.

ముందు నాకేమీ అర్థం కాలేదు. పక్కన ఎవరూ లేరు, ఫోన్ అక్కడ అందదు. మనిషికి మతి చలించిందేమోనని ఇంకొంచెం దగ్గరగా పోయాను.

"తిన్నానే... మొత్తం తిన్నాను, వదల్లేదు... మాత్రా? వేసుకున్నాను... నీళ్లు తాగాను తల్లీ... ఎన్ని గీతలా? రెండే మిగిలాయి, చూసుకో... ఎదురుగాలి మరి... అదిగో, మళ్లీ ఆ చూపు... అలా చూడకే... నేను బాగానే ఉన్నాను..."

నాతోనే. ఆ కొండ మీద, ఎవరూ లేని చోట, నేను అడగబోయే ప్రతి మాటకీ జవాబు చెప్పుకుంటూ ఎక్కుతున్నారు.

దారి నిటారైన చోట మాట తడబడింది. "బాగానే" అని ఆగి, "ఉన్నా" అన్నారు. అంతే, వెంటనే సైకిల్ దిగిపోయారు. పక్కనున్న బండ మీద కూర్చుని, మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకున్నారు. ఎక్కడ కూర్చున్నారో అప్పుడు పోల్చుకున్నాను. ఆయన పడిపోయిన చోటది. నన్నొకసారి తీసుకొచ్చి చూపించింది పోస్టమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది డాక్టరమ్మ వేళ్లు మడుస్తూ చెప్పిన రెండో ముక్క. "మాట తెగకుండా మాట్లాడగలిగినంత వరకు శ్రమ పడొచ్చు. పడాలి కూడా. మాట తెగితే ఆగి కూర్చోండి. రోజూ కొంచెం పెంచండి." నేనూ అక్కడే ఉన్నాను. నా చెవులూ నా దగ్గరే ఉన్నాయి. గుండె మీద భారం అన్న చోటే నేను ఆగిపోయాను, ఆయన పూర్తిగా విన్నారు.

కాసేపటికి లేచి మళ్లీ తొక్కారు. మళ్లీ మాటలు మొదలయ్యాయి. ట్యాంకు గోడ చాటుకి పోయేదాకా వింటూ నిలబడ్డాను. కోపం వచ్చింది, చెప్పొద్దూ, చెంపలు వాయించాలన్నంత కోపం. కానీ ఆ మాట తెగకుండా పైదాకా వెళ్లిందన్న సంతోషం దాన్ని నిలవనివ్వలేదు.

ఇంటికొచ్చి చూస్తే ముందురోజు విప్పిన చొక్కా కొక్కేనికే ఉంది. జేబులో, నాలుక కింద పెట్టుకోవాల్సిన మాత్రల అట్ట. ఆపద వేళ అవసరమయ్యేది ఒక్కటే, అదీ ఇంట్లో!

మధ్యాహ్నం దాకా ఏదో ఒకటి చేయాలి కాబట్టి కాలరు పని ముందేసుకున్నాను. మోటారు బెల్టు తప్పించాను. పాత బెల్టు తగిలించి కాళ్లు పెడల్ మీద పెట్టాను. రెండు కుట్లు పడ్డాక కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. బెల్టు వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఆయన వచ్చి బ్యాటరీ అందించారు. "రెండు మిగిలాయి. ఎదురుగాలి."

ఆ మాటలు పొద్దునే విన్నాను.

"అవునవును, గాలి బాగానే ఉంది," అన్నాను. "జిప్పులు దొరకలేదు."

ఆయన ఒక్కసారి నా ముఖంలోకి చూశారు. నేను బ్యాటరీకి ఛార్జరు తగిలించి, కవరు విప్పి, తిరగేసి మిషను మీద పెట్టాను. లోపలివైపు ఒక చిన్న జేబు కుట్టాను. మాత్రల అట్ట పట్టేంత. మూత, మూతకి ఒక గుండీ. బయటివైపు కుట్టొచ్చు, తీసుకోవడానికి సులువు కూడా. కానీ లోపల కుట్టాను. అది కవరు విప్పే మనిషికే కనిపిస్తుంది. కవరు విప్పాల్సిన పని బ్యాటరీ మార్చే మనిషికే ఉంటుంది. అట్ట అందులో పెట్టి, గుండీ పెట్టి, జిప్పు వేసేశాను. ఆ ఒక్క పొద్దుకి మాత్రం ఇంకో అట్ట తీసి, నేనే ఆయన చొక్కా జేబులో పెట్టి పంపాను.

మర్నాడు మబ్బు పట్టింది. ఆ ఏడాదికి అదే మొదటి మబ్బు. మధ్యాహ్నం అయింది, ఆయన రాలేదు. కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాను. కవరు లోపలి జేబు చూసుంటారు. చూసి కోపమొచ్చి ఉంటుంది. కోపంలో ఇంకో రెండు మెలికలు ఎక్కువ తొక్కి ఉంటారు. నా చేతులారా నేనే... అనుకుంటుండగా వీధిలో టైర్ల చప్పుడు వినిపించింది.

లోపలికి వచ్చి బ్యాటరీని గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెట్టారు. నేను అడగలేదు. ఆయనే మీట నొక్కారు. ఐదూ వెలిగాయి.

"పోస్టమ్మ ఈ రోజు సెలవా?" అన్నాను.

"లేదు. ఇవ్వనన్నానని తిట్టిపోసింది. పై ఇళ్లకు తోసుకుంటూ పోయింది పాపం." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రేపట్నుంచి ఇస్తాను. నీకు చెప్పి ఇస్తాను."

"ఇవ్వండి."

"ఎప్పుడు చూశావు?"

"నిన్న పొద్దున. పంపు గది వెనక నుంచి."

"పిలవలేదేం?"

"ఉలిక్కిపడతారని."

ఆయన చొక్కా జేబులోంచి, నేను కవరులో పెట్టిన మాత్రల అట్ట తీసి, తిప్పి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "మోటారు మీద కూర్చుని ఎక్కినన్నాళ్లూ ఆ బండ దగ్గరికి రాగానే ఒళ్లు చల్లబడేదే. ఈ కాళ్లతోనే దాన్ని దాటితే తప్ప అది నన్ను వదలదనిపించింది. చెబితే నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకునేదాన్ని కాదు."

"ఇప్పుడు భయం పోయిందా?"

"లేదు," అన్నాను. "పోదు కూడా. కానీ అక్కడ ఎవరితోనో కబుర్లు చెప్పుకుంటూ ఎక్కుతున్నారు కదా. ఆ కబుర్లేవో నాకే చెప్పండి."

"మలుపు దాటితే ఫోన్ అందదుగా."

"అందినంత దాకా చెప్పండి. పైకెళ్లాక మిగతాది చెప్పండి. పని తర్వాత, ముందు ఫోను."

అది మొదలు ఆయన మలుపు దాకా కూడా మోటారు వేయడం మానేశారు. ఇక వేసి ఎవరికి వినిపించాలి? వాన పడి దారి జారుగా ఉన్న రోజున మాత్రం వేసుకుంటారు, వేసుకున్నానని చెబుతారు. వీధి చివర నుంచి ఫోన్ చేసి ఇయర్‌ఫోన్ చెవికి తగిలించుకుంటారు. నేను నా ఫోన్‌ని మిషను పక్కన నిలబెట్టి, కాలరు పని అప్పటికి ఉంచుకుంటాను. దారిలో కుక్క కనిపించిందని, వాల్వుకి తుప్పు పట్టిందని, రాత్రి కూరలో ఉప్పెక్కువైనా నా ముఖం చూసి ఊరుకున్నానని, ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. వెనక రాళ్లు కరకరలాడుతుంటాయి. నేను మాట వినను, మాట తెగుతోందా అని వింటాను.

మలుపు దగ్గర గొంతు గరగరమని, ఆగిపోతుంది. నా కాళ్లూ పెడల్ మీద ఆగిపోతాయి. కిటికీలోంచి చూస్తే దారి మొదలు తప్ప ఏమీ కనిపించదు. సూది గుడ్డలో దిగి అలాగే ఉంటుంది. గదిలో గోడ గడియారం చప్పుడు పెద్దదవుతుంది. ఎన్ని రోజులైనా ఆ కాసేపు మాత్రం నాకు అలవాటు కాలేదు.

అప్పుడు ఫోన్ మోగుతుంది.

"ఆఁ... ఎంతవరకు చెప్పాను?"